విక్టోరియా వీధి చాపెల్‌లో మనకెంత చోటు?

సింగపూర్‌లో మేముండే కాండోలో, అంటే అపార్ట్‌మెంట్ల సముదాయంలో, తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మామూలుగా అందులో కరివేపాకు ఎవరి కుండీలో మిగిలింది, హైదరాబాద్ నుంచి వస్తున్నవాళ్ల సూట్‌కేసులో రెండు కిలోలు ఖాళీ ఉందా లాంటి సంగతులే నడుస్తాయి. ఈమధ్య ఒకాయన చైమ్స్‌లో దిగిన ఫోటో పెట్టాడు. విక్టోరియా వీధిలో ఒకప్పుడు సిస్టర్ల కాన్వెంటూ బడీ చాపెలూ ఉన్న ఆవరణ అది, ఇప్పుడు హోటళ్లూ దుకాణాలూ నడుస్తున్నాయి. వెనక తెల్లటి గోథిక్ శిఖరం, ముందు బల్ల మీద నురగ దిగని బీరు గ్లాసులు. సాయంత్రానికల్లా గ్రూపు రెండు ముక్కలైంది. "చర్చిలో బార్లేంటండీ, మన గుడి ముందు ఇలా పెడితే ఊరుకుంటామా?" అని కొందరు. "కూలగొట్టకుండా ఉంచారు, అంతకంటే ఏం కావాలి?" అని మిగతావాళ్లు. రాత్రి పదకొండుకి అడ్మిన్ వచ్చి గ్రూపుకి తాళం వేసేదాకా సాగింది.

నేను ఏ పక్షానా చేరలేదు. అలాగని మధ్యేమార్గం మనిషినేం కాను. ఆ బీరు నాకసలు సమస్యగా తోచలేదు. ముందుగా చెప్పాల్సింది, బార్లూ హోటళ్లూ చాపెల్ లోపల లేవు. పాత బడి గదుల్లో, వరండాల్లో, తవ్వి కిందికి దింపిన ముంగిట్లో ఉన్నాయి. చాపెల్‌ని మాత్రం చైమ్స్ హాల్ అనే పేరుతో పెళ్లిళ్లకీ, కంపెనీ విందులకీ, కచేరీలకీ అద్దెకిస్తారు. నా పేచీ అంతా ఆ అద్దె పద్ధతితో. నలుగురి కోసం నిలబెట్టామని చెప్పుకునే కట్టడంలో ఆ నలుగురి వంతు ఎంత అన్నది ఎక్కడా రాసి లేదు. బుక్ చేసుకున్నవాళ్ల వేళలు పోగా మిగిలిందేదో అదే మనది.

ఫాదర్ నైన్ గీసిన గీతలు

అసలు ఆ చాపెల్ ఎందుకంత బాగుంటుందో కొంచెం చెప్పనివ్వండి. గీసింది ఫాదర్ షార్ల్ బెనెడిక్ట్ నైన్. ఫ్రెంచి మిషనరీ, దగ్గర్లోని సెయింట్ పీటర్ అండ్ పాల్ చర్చిలో ప్రీస్టు. పాత చాపెల్ శిథిలమైపోతే సిస్టర్లు కొత్తది కట్టాలనుకున్నారు. 1901లో పని మొదలై 1904 జూన్‌లో ప్రతిష్ఠ జరిగింది. ఐదంతస్తుల ఎత్తు శిఖరం, బయటి నుంచి దన్నుగా నిలిచే కమానులు, బెల్జియంలోని బ్రూజ్ పట్నంలో జూల్స్ డొబెలేర్ చేసి పంపిన రంగుటద్దాల కిటికీలు. ఇవన్నీ యూరప్ సరుకే. ఒక్క చోట మాత్రం ఆయన చెయ్యి ఈ నేలకి తిరిగింది. లోపలా బయటా స్తంభాల తలల మీద చెక్కడాలు 648 ఉన్నాయి. ఇక్కడి ఉష్ణమండలపు మొక్కలూ పక్షులూ వాటి నిండా. ఒకదానిలా ఇంకొకటి ఉండదంటారు. నేను అన్నీ చూడలేదు, ఎవరైనా చూస్తారనీ అనుకోను.

ఒక సహోద్యోగి రిసెప్షన్‌కి పిలిస్తే ఆ హాల్లోకి వెళ్లాను. వేదిక మీద యాంకర్ ఆటలు ఆడిస్తున్నాడు, ఊదారంగు లైట్లు కిటికీల మీద ఆడుతున్నాయి. నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ మాత్రం తలెత్తి స్తంభాలే చూస్తోంది. మాటల్లో తెలిసింది, చిన్నప్పుడు ఆ కాన్వెంటులోనే చదివిందట. "అప్పట్లో ఇక్కడ గుసగుసలాడితే సిస్టర్ చెవి మెలేసేది. ఇప్పుడు ఇంత గోలకి డబ్బులు కడుతున్నారు" అని నవ్వింది. కోపమేం లేదు ఆ మాటలో. కాసేపాగి, "పెళ్లి పిలుపొస్తే తప్ప ఇక్కడ కూర్చునే పని నాకు పడదు" అంది.

ఆ రెండో మాట దగ్గరే నాకు విషయం పట్టుబడింది. ఆవిడకి బీరు మీద ఫిర్యాదు లేదు, దేవుడు వెళ్లిపోయాడన్న బెంగా కనబడలేదు. తను మోకాళ్ల మీద కూర్చున్న చోట మళ్లీ కూర్చోవాలంటే ఎవరో ఒకరు పెళ్లి చేసుకోవాలి.

గేటు దగ్గర వదిలిన పిల్లలు

1854 ఫిబ్రవరిలో మదర్ మథిల్డ్, ఆమె వెంట ముగ్గురు సిస్టర్లు పెనాంగ్ నుంచి ఓడలో వచ్చి దిగారు. ఫ్రెంచి మిషనరీ ఫాదర్ బ్యూరెల్ అంతకు ముందే వాళ్ల కోసం కాల్డ్‌వెల్ హౌస్ కొనిపెట్టాడు. 1840ల తొలినాళ్లలో ఆర్కిటెక్టు కోల్మన్ కట్టిన ఇల్లది, ఇప్పటికీ చాపెల్ పక్కనే ఉంది. దిగిన పది రోజులకే బడి తెరిచారు. తర్వాత అనాథాశ్రమం. కాన్వెంటు గోడకున్న ఒక చిన్న గేటు దగ్గర పసిపిల్లల్ని వదిలి వెళ్లేవాళ్లు. దానికి గేట్ ఆఫ్ హోప్ అని పేరొచ్చింది. ఎక్కువమంది ఆడపిల్లలు. పేదరికం ఒక కారణం. పులి సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల ఇంటికి అరిష్టమన్న చైనా నమ్మకం ఇంకోటి. మూలా నక్షత్రం పిల్లంటే మొహం తిప్పుకునే సంబంధాలు చూసిన మనకి ఇది కొత్తగా అనిపించదు.

ఇక్కడే నా వాదనకి అడ్డం పడే సంగతి కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసం కరపత్రమైపోతుంది. ఆ తొలి బడిలోనే తరగతులు రెండు. ఫీజు కట్టేవాళ్లకొకటి, అనాథలకీ పేదలకీ మరొకటి. అంటే డబ్బు గీసే గీత ఆ ఆవరణలో మొదటి నుంచీ ఉంది. చాపెల్ కూడా ఊరందరిదీ కాదు, కాన్వెంటుది. సిస్టర్లూ పిల్లలూ ప్రార్థన చేసుకునే చోటు. విక్టోరియా వీధిలో రిక్షా లాగే మనిషి కాసేపు నీడకి అందులో కూర్చుంటానంటే సరేననేవాళ్లని నేను అనుకోను. కాబట్టి "ఒకప్పుడు అందరిదీ, ఇప్పుడు డబ్బున్నవాళ్లది" అనే కన్నీటి కథ ఈ కట్టడానికి అతకదు. గ్రూపులో ఒకాయన అన్నదీ ఇదే. అప్పుడు సిస్టర్లది, ఇప్పుడు కంపెనీది, మధ్యలో మీరెవరు?

నేనెవరో చెప్పాలంటే 1983 తర్వాత ఏం జరిగిందో చూడాలి. ఆ ఏడు నవంబరు 3న చాపెల్‌లో చివరి ప్రార్థన జరిగింది. బడి టోవా పాయోకి వెళ్లిపోయింది, చాపెల్ దేవుడి సేవ నుంచి విడుదలైంది, నేల సర్కారు చేతికొచ్చింది. 1990 అక్టోబరులో చాపెల్‌నీ కాల్డ్‌వెల్ హౌస్‌నీ జాతీయ స్మారకాలుగా ప్రకటించారు. తర్వాత 1991 నుంచి లెక్కగట్టి 99 ఏళ్ల లీజుకిచ్చారు. లీజు తీసుకున్నవాళ్లు బాగుచేసి, హోటళ్లూ దుకాణాలూ పెట్టి, 1996లో చైమ్స్‌గా తెరిచారు. సిస్టర్ల కాలానికీ ఇప్పటికీ తేడా ఇదే. అప్పుడది ఒక సంఘం సొంత ఆస్తి. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఇప్పుడు నేల ప్రభుత్వానిది, కట్టడానికి జాతి పేరు తగిలించారు. జాతి పేరు పెట్టిన తర్వాత జాతికి ఒక కుర్చీ అయినా వెయ్యాలి కదా. సిస్టర్లని అడిగే హక్కు నాకు ఉండేది కాదు. లీజు రాసిన చేతిని అడగొచ్చు.

"మరి ఖర్చెవరు పెడతారు?"

ఈ ప్రశ్న ఎదురవుతుందని తెలుసు. ఎదురవ్వాలి కూడా. భూమధ్యరేఖకి ఆనుకుని ఉన్న ఊరిది. ఏడాది పొడుగునా వాన, ఉక్క. సున్నపు పూత చెమ్మగిల్లుతుంది, రంగుటద్దాల సీసపు పట్టీలు సడలుతాయి, చెక్కకి చెదలు. ఇవన్నీ ఎప్పటికప్పుడు చూసుకోకపోతే నూరేళ్ల కట్టడం పదేళ్లలో చేతికందకుండా పోతుంది. చైమ్స్ పునరుద్ధరణలో ఫ్రాన్స్‌లో చారిత్రక కట్టడాల మీద పనిచేసే దిదియే రెపెలాఁ పాలుపంచుకున్నాడు. 2002లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. న్యాయంగా వచ్చిందనే అంటాను. గోడ మీద చెయ్యి వేసి చూస్తే తెలుస్తుంది, తొందరపడి రంగు పూసిన పని కాదది. ఆ డబ్బు నూడుల్స్ నుంచీ వైన్ నుంచీ వచ్చిందంటే నాకు అభ్యంతరం లేదు. మన దేవాలయాల్లో దుకాణాల అద్దెల మీదే దీపారాధన నడిచే చోట్లు ఎన్ని లేవు?

పైగా చాపెల్‌ని మ్యూజియంగా మార్చేసుంటే అంతా బాగుండేదన్న భ్రమ కూడా నాకు లేదు. నాలుగడుగుల దూరంలో, బ్రాస్ బాసా రోడ్డు మీద సెయింట్ జోసెఫ్స్ ఇన్‌స్టిట్యూషన్ బడి భవనం ఉంది. దాని వంపు తిరిగిన రెండు రెక్కలూ ఇదే ఫాదర్ నైన్ గీసినవి. దాన్ని 1996లో ఆర్ట్ మ్యూజియం చేశారు. లోపలి చాపెల్‌లో బొమ్మలు పెట్టారు. నిశ్శబ్దంగా, గౌరవంగా ఉండేది, నిజమే. అయితే బొమ్మల మీద ఆసక్తి లేని మనిషి మ్యూజియం మెట్లెక్కడు. చైమ్స్ ముంగిట్లో ఏ రాత్రి చూసినా జనం ఉంటారు. జనం లేని కట్టడాన్ని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోనిది కూలుతుంది.

కాబట్టి హోటళ్లని ఉండనివ్వండి. చెప్పాలంటే, అన్ని హోటళ్ల అద్దె వస్తుంటే చాపెల్‌ని కూడా ఆ లెక్కలో పూర్తిగా కలిపెయ్యాల్సిన అవసరం ఏముంది అన్నదే నా ప్రశ్న. 2011లో ఈ ఆవరణ చేతులు మారడానికి ఒప్పందమైనప్పుడు ధర 17.7 కోట్ల సింగపూర్ డాలర్లు. అంత పెట్టి కొన్నవాడు ప్రతి చదరపుటడుగూ సంపాదించాలనుకుంటాడు. అది వాడి తప్పు కాదు. అమ్మకానికి ముందు, లీజు రాసేనాడే, ఈ ఒక్క గది వేళల్లో కొంత ఊరికి వదలాలని షరతు పెట్టుంటే ధర ఆ మేరకు తగ్గేది, అంతే.

2012 ఈస్టర్ ముందురాత్రి

ఆ ఏడు ఏప్రిల్ 7న, ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర శనివారం నాడు, చాపెల్‌లో డాన్స్ పార్టీ ఒకటి తలపెట్టారు. ప్రచారానికి సన్యాసినుల దుస్తుల్ని పొట్టిగా కత్తిరించి వేసుకున్న అమ్మాయిల బొమ్మలు వాడారు. క్యాథలిక్కులు నొచ్చుకున్నారు, ఆర్చిబిషప్ నికొలస్ చియా అభ్యంతరం చెప్పారు, పార్టీ రద్దయింది.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఇరవై తొమ్మిదేళ్ల కిందటే దేవుడి సేవ నుంచి విడుదలైన హాలు మీద చర్చికి ఇంకేం అధికారం అని అడగొచ్చు. న్యాయంగా చూస్తే ఏమీ లేదు. అయినా రద్దు చేసినవాళ్లకి గానీ, అడ్డుచెప్పినవాళ్లకి గానీ, చూస్తూ ఉన్న ఊరికి గానీ అది వింతగా అనిపించలేదు. కాగితం మీద విడుదలైనా కట్టడంలో ఏదో మిగిలే ఉందని అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక అడుగుతున్నాను. ఆ మిగిలినదాని తరఫున మాట్లాడటానికి మతానికి ఒక ఆర్చిబిషప్ ఉన్నారు. లీజుదారుకి లాయర్లున్నారు. దారిన పోయే మనిషికి ఎవరున్నారు? రంగుటద్దాల్లోంచి మధ్యాహ్నపు ఎండ నేల మీద పడటాన్ని ఊరికే కూర్చుని చూడాలనిపించిన మనిషి తరఫున ఎవరు ఉత్తరం రాస్తారు?

మా బాపు అడిగింది

మా బాపుది రామాయంపేట దగ్గర పల్లె. ఇక్కడికొచ్చినప్పుడు చైమ్స్‌కి తీసుకెళ్లాను. చాపెల్ ముందుకి రాగానే ఆగి, "చెప్పులు ఈడ్నే ఇడువాల్నా బిడ్డా?" అన్నాడు. అక్కర్లేదు బాపూ, ఇప్పుడిది చర్చి కాదు అన్నాను. ఆయన ఒకసారి శిఖరం వైపు, ఒకసారి పక్క బల్లల వైపు చూసి, "కాకపోతే కాకపాయె. కట్టినోళ్లు దేవునికే కట్టిండ్రు గద" అని విడిచే లోపలికి తొంగిచూశాడు.

ఆయన కళ్లకి గోథిక్ అంటే మెదక్ చర్చి. అది తప్ప ఇంకో కొలత లేదు. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దొర కరువు రోజుల్లో కట్టించింది, 1924 క్రిస్మస్ నాడు తెరిచింది. 175 అడుగుల గోపురం, లోపల ఐదువేలమంది పట్టే చోటు. మా దిక్కు ఏ ఇంట్లో కదిపినా కరువు పనికి పోయి రాళ్లు మోసిన తాత కథ ఒకటి దొరుకుతుంది. బాపు క్రైస్తవుడు కాడు, మా ఊళ్లో సగం మంది కారు. అయినా క్రిస్మస్‌కి బండి కట్టుకుని పోయేవాళ్లు. లోపల కూర్చుని రంగు కిటికీలు చూసి, బయట చెట్ల కింద సద్ది తిని వచ్చేవాళ్లు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడిగేవాళ్లు కారు.

ఈ పోలిక కూడా పూర్తిగా నిలవదని తెలుసు. మెదక్‌ది నడుస్తున్న చర్చి. దానికి సంఘం ఉంది, ఆదివారం ప్రార్థన ఉంది, కానుకలున్నాయి. చైమ్స్ చాపెల్‌కి సంఘమే లేదు. సంఘం లేని కట్టడం తలుపులు తెరుచుకుని ఎలా బతుకుతుందో చూడాలంటే ఇంకో చోటికి వెళ్లాలి.

నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ ఊరి డొమినికన్ చర్చి అలాంటిది. పదమూడో శతాబ్దపు గోథిక్. ఫ్రెంచి సైన్యం ఊరిని పట్టుకున్నాక 1790ల్లో ప్రార్థనలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమేం కాలేదది! గిడ్డంగి అయింది, చివరికి సైకిళ్లు పెట్టుకునే చోటూ అయింది. 2006లో పుస్తకాల షాపు పెట్టారు. మెర్క్స్, జిరో అనే ఆర్కిటెక్టుల పని చూడాలి. అంతస్తులంతస్తుల నల్లటి ఇనుప అలమరని ఒక పక్కకి నిలబెట్టి, రెండో పక్క చర్చి ఎత్తుని అలాగే ఖాళీగా వదిలేశారు. రేపు షాపు ఎత్తేస్తే ఇనుము విప్పుకుని పోవచ్చు, గోడకి గాయముండదు. అదీ వ్యాపారమే, లాభం కోసమే. కాకపోతే పుస్తకాల షాపులో గంటసేపు తిరిగి ఏమీ కొనకుండా వచ్చేస్తే ఎవరూ ఏమనరు. 2014లో మాతృసంస్థ దివాలా తీసినప్పుడు ఊరి జనమూ పాఠకులూ లక్ష యూరోలకి పైగా చందాలు పోగేసి షాపుని నిలబెట్టారు. అన్నాళ్లూ ఊరికే వచ్చిపోయినవాళ్లు అవసరానికి జేబులు తీశారు. పెళ్లి హాలు మూతపడితే అలా చందాలు పోగవుతాయా అన్నది నాకు అనుమానమే.

అలాగని చైమ్స్ చాపెల్‌లో పుస్తకాలమ్మమని నేననను. సింగపూర్ అద్దెలకి పుస్తకాల షాపులు మాల్స్‌లోనే బతకడం లేదు. నేనడిగేది అంతకంటే చిన్నది.

మా ఇంట్లో పనికి సాయం చేసే అక్కది పాలకొల్లు దగ్గర ఊరు. వారానికి ఒక్క ఆదివారమే సెలవు. పొద్దున్నే చర్చికి వెళ్తుంది, మధ్యాహ్నం స్నేహితులతో ఏదో ఒక పార్కులో చెట్టు కింద చాప పరుచుకుంటుంది. ఒకసారి బస్సులోంచి ఆ శిఖరం చూసి, "అదేం చర్చండీ? లోపలికి రానిత్తారా?" అని అడిగింది. ఆ రోజు హాల్లో ఏముందో చూసి చెప్పాలన్నాను. దానికి ఆమె, "అయితే వద్దులెండి, మనకెందుకు" అంది. ఆవిణ్ని ఎవరూ ఆపలేదు. ఎవరూ ఆపకముందే ఆగిపోయింది. ఏ వేళ తెరిచి ఉంటుందో ఖాయంగా తెలియని తలుపు దగ్గరికి ఇలాంటివాళ్లు పోరు, తెలిసీ తెలియక వెళ్లి తలవంచుకుని తిరిగి రావడం వాళ్లకి ఇష్టముండదు. నాలాంటిదైతే దూసుకుపోయి అడుగుతుంది, కాదంటే నవ్వేసి కాఫీ తాగొస్తుంది.

అందుకే నాకు కావాల్సింది ఖాయమైన వేళ. వీలున్నప్పుడు వచ్చి చూసిపోండి అనే దయ అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఈ హాలు ఎవరికీ అద్దెకివ్వబడదు అని గేటు మీద నాలుగు భాషల్లో రాసి పెట్టాలి. నాలుగు బెంచీలు, ఒక మంచినీళ్ల కుళాయి చాలు. పాటలొద్దు, గైడు వద్దు, ప్రార్థన చేసుకుంటానంటే ఎవరి మనసులో వాళ్లు చేసుకుంటారు. ఆదివారం పెళ్లిళ్లకి గిరాకీ ఉంటుందంటారు, అది నిజమే. విందు రాత్రే గనక ఐదు తర్వాత అలంకరణ మొదలుపెట్టుకోవచ్చు. మరీ నష్టమనుకుంటే ఆ మూడు గంటల అద్దె ఎంతో లెక్కగట్టి ఆస్తిపన్నులో తగ్గించమని లీజుదారే ప్రభుత్వాన్ని అడగొచ్చు. ఆ అర్జీ మీద సంతకాలు కావాలంటే మా కాండో గ్రూపులో రెండు వర్గాల చేతా నేను పెట్టిస్తాను.